మరల సదువు సదివిండు, మాయాబజార్ రాసిండు

మా యాలాల్ దిక్కు ఒక తమ్ముడున్నడు. పొద్దంత తాండూరు దగ్గర బండల పాలిష్ మిషను మీద పని. రాత్రి బువ్వ తిన్నంక ఫోన్‌ల కథ రాస్తడు. మొన్న నాకు సదివి వినిపిచ్చిండు. మంచు కొండలు, రెక్కల పాములు, ఇనుప కోటలు, పొడుగు గడ్డం మాంత్రికులు. మంచిగనే రాసిండు. నేను ఒక్కటే అడిగిన, తమ్మీ ఇండ్ల మన కాగ్నా వాగు ఏది, మన బండలేవి, మన కందిచేనేది అని. వాడు నవ్విండు. మన ఊర్ల ఏముందన్నా, బండలు, దుమ్ము, వీటితోని లోకం ఎట్ల కడ్తం అన్నడు.

గా మాట నన్ను రెండు దినాలు సతాయిచ్చింది. ఎందుకంటె అది వాని సొంత మాట కాదు. ఏండ్లకొద్దీ మన చెవులల్ల ఊదిన మాట. కొత్త లోకం పుట్టిచ్చుడు పట్నపోళ్ల పని, ఇంగిలీషు సదివినోళ్ల పని, మనది సూసుకుంట కూసునే పని అని నమ్మిచ్చిన్రు. గందుకే ఇయ్యాల ఒక మనిషి బతుకు మీ ముందట పెడుతున్న. ఆయన సచ్చిపోయి 50 ఏండ్లు దాటింది. ఆయన మొకం మీలో శానమందికి యాదికి రాకపోవచ్చు కని, ఆయన పుట్టిచ్చిన మాటలు ఇప్పటికీ మీమ్స్‌లల్ల, దోస్తుల గ్రూపులల్ల తిరుగుతనే ఉన్నయి. ఆయన పేరు పింగళి నాగేంద్రరావు. ‘పాతాళ భైరవి’, ‘మాయాబజార్’, ‘జగదేకవీరుని కథ’ రాసినాయన.

1901 డిసెంబర్ 29 నాడు బొబ్బిలి దగ్గర రాజాంల పుట్టిండు. పెరిగింది మచిలీపట్నంల, అదే బందర్ల. మాయలు, మంత్రాలు రాసినోడు ఏ వేదాల బడిల సదివిండో అనుకుంటరు. ఆయన సదివింది మెకానికల్ ఇంజినీరింగు. గది కూడ మామూలు కాలేజీల కాదు, ఆంధ్ర జాతీయ కళాశాలల. గా కాలేజీ కథ జర తెలుసుకోవాలె.

1905ల తెల్లదొరలు బెంగాల్‌ను రెండు ముక్కలు చేసిన్రు. దేశమంత భగ్గుమన్నది. దొరల బట్ట వద్దు, దొరల బడి వద్దు అన్నరు. మరి వాళ్ల బడి వద్దంటే మన బడి ఏది? బందర్ల కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి 1910ల జాతీయ కళాశాల తెరిసిన్రు. అండ్ల పుస్తకం సదువు ఒక్కటే కాదు, చేతి పని కూడ నేర్పేది. గుమస్తాలను తయారుచేసే సదువు మనకొద్దు, పని తెలిసిన మనిషి కావాలె అనేది వాళ్ల పట్టుదల. జెండా రూపం గీసిన పింగళి వెంకయ్య కూడ గా కాలేజీల పని చేసిండు. ఇంటిపేరు ఒకటే కని మనుషులు వేరు.

గసొంటి బడిల నాగేంద్రరావు మరల సదువు సదివిండు. అయిపోయినంక ఖరగ్‌పూర్‌ల బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేల కొలువు దొరికింది. గా కాలంల రైలు అంటే ఇప్పటి రాకెట్టు లెక్క. బొగ్గు మండుతది, నీళ్లు ఆవిరైతయి, గా ఆవిరి ముషలకాన్ని నూకుతది, గా నూకుడును కడ్డీలు చక్రం తిరుగుడు కింద మారుస్తయి. ఎన్ని వందల టన్నులున్నా ఆగకుండ కదులుతది. దూరం నుంచి సూసినోనికి అది మాయ. లోపట చెయ్యి పెట్టి పని చేసినోనికి అది లెక్క. ఈ రెండు చూపులూ ఒక్క మనిషి తాన ఉంటె ఏమైతదో తర్వాత సూద్దాం.

రైల్వే కొలువు అంటే ఇప్పుడెట్లనో అప్పుడు కూడ గట్లనే, ఇంటిల్లిపాదికి భరోసా. ఆయన దాన్ని ఇడిసిపెట్టిండు. స్వాతంత్ర్య ఉద్యమంల దిగిండు. మల్ల బందరుకొచ్చి నాటకాల దిక్కు మళ్లిండు. బెంగాలీల ద్విజేంద్రలాల్ రాయ్ రాసిన ‘మేవాడ్ పతన్’ అసొంటి నాటకాలను తెలుగులకు తెచ్చిండు. ‘జేబున్నీసా’, ‘వింధ్యరాణి’, ‘నా రాజు’ అని సొంతంగ నాటకాలు రాసిండు. బందర్ల ఇండియన్ డ్రమటిక్ కంపెనీ తోని ఏండ్ల తరబడి పని చేసిండు. రాసుడు ఒక్కటే కాదు, తెర ఎనుక ఏ తాడు ఎప్పుడు గుంజాలె, ఏ దీపం ఎప్పుడు ఆర్పాలె, జనం ఏడ నవ్వుతరు, ఏడ లేచి పోతరు, అన్నీ కండ్లార సూసిండు.

మీలో సురభి నాటకం సూసినోళ్లుంటే ఈ ముచ్చట తేలిగ్గ అర్థమైతది. 1885ల కడప దిక్కు సురభి అనే ఊర్ల మొదలైన గా కుటుంబాలు ఇయ్యాలటికీ స్టేజీ మీద మాయాబజార్ ఆడుతున్నయి. మనిషి గాలిల లేస్తడు, మంట లేస్తది, తెర మీద తెర మారుతది. తాడు, కప్పీ, దీపం, ఇంత గుండెధైర్యం. అంతే సామాను. నాటకపోళ్ల మాయకు ఎనుక ఇంత చెమట ఉంటది.

సినిమాకు ఆయన రాసిన తొలి రాత 1941ల ‘భలే పెళ్లి’. దాంతోని బతుకేం మారలేదు. 1948ల ఆయన నాటకం ‘వింధ్యరాణి’ సినిమా అయ్యింది. 1949ల కె.వి.రెడ్డి కోసం ‘గుణసుందరి కథ’ రాసిండు. దాని ఎనుక షేక్‌స్పియర్ రాసిన లియర్ రాజు కథ ఉన్నది. ముగ్గురు బిడ్డలున్న ఇంగిలీషు రాజును తీస్కొచ్చి మన అవ్వలు చెప్పే రాజుగారి ముగ్గురు బిడ్డల కథలకు పట్టిచ్చిండు. బయటి కథ తీసుకున్నా తప్పులేదు, దాన్ని మన ఇంటి మనిషిని చెయ్యాలె. గిదే ఆయన ఇగురం.

1951ల ‘పాతాళ భైరవి’ వచ్చింది. కాశీ మజిలీ కథల వాసన, అరబ్బుల అల్లావుద్దీన్ దీపం పోలిక రెండూ ఉన్నయి. హీరో ఎవరు? రాజుకొడుకు కాదు, తోటమాలి కొడుకు తోటరాముడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నాలుగేండ్లు కాలేదు, తొలి ఎన్నికలు ఇంక పూర్తి కాలేదు. గప్పుడు తోటపని చేసుకునేటోడు కోటల అడుగు పెడితె టాకీసుల జనం ఈలలెయ్యకుండ ఎట్లుంటరు? అప్పటికి పింగళికి 49 ఏండ్లు. మన పోరగాండ్లు 22 ఏండ్లకే నా బతుకు అయిపోయిందంటరు. గీ లెక్క యాదిల పెట్టుకోండ్రి.

అన్నీ గెలువలేదు కూడ. 1954ల విజయా వాళ్ల ‘చంద్రహారం’కు ఆయనే మాటలు రాసిండు. మస్తు పైసలు పెట్టి తీసిన్రు, బోల్తా కొట్టింది. అయినా గా కంపెనీ ఆయనను పక్కకు పెట్టలేదు. 1955ల ‘మిస్సమ్మ’కు పాటలు రాపిచ్చిన్రు. 1957 మార్చి 27 నాడు ‘మాయాబజార్’ వచ్చింది. అప్పటికి ఆయనకు 55 నిండినయి.

ఇగ అసలు ముచ్చటకొద్దాం. గా సినిమాల ఆయన కట్టిన లోకం ఏందో, దేంతోని కట్టిండో సూద్దాం.

మొదటిది, కథనే మన జనం పుట్టిచ్చింది. వ్యాసుని భారతంల శశిరేఖ లేదు. అభిమన్యుడు పెండ్లి చేసుకున్నది విరాటరాజు బిడ్డ ఉత్తరను. బలరామునికి ఒక బిడ్డ, గా పిల్లకు మేనబావ మీద మనసు, నడుమల డబ్బున్న సంబంధం వచ్చి ఇంట్ల లొల్లి. గిది మన ఊరి పెండ్లి పంచాది కాదా? జానపదులు భారతంల ఒక ఖాళీ జాగ సూసి అండ్ల తమ ఇల్లు కట్టుకున్నరు. పింగళి గా ఇంటికి కొత్త గదులు వేసిండు.

రెండోది, మాట. గాయన గొప్పతనం నాకు గీడనే కనపడ్తది. మనం రోజూ చాయ్ గీయ్, పని గిని, పెండ్లి గిండ్లి అంటం. అండ్ల రెండో మాటకు అర్థం ఉండదు, ఉత్త తోక. పింగళి ఏం చేసిండంటే, గా తోకకు పాణం పోసిండు. కంబళి ఉంటే గింబళి కూడ ఉండాలె గదా? తల్పం ఉంటే గిల్పం ఎందుకుండొద్దు? కూసున్నోళ్లను చుట్టుకునే గింబళి, పండినోన్ని గిరగిర తిప్పే గిల్పం పుట్టినయి. మన నోట్ల ఎప్పటి నుంచో ఉన్న వ్యాకరణంల నుంచి ఒక మాయ సామాను బయటికి తీసిండు. తిప్పుడు ఎట్లనో మరల సదువు సదివినోనికి ఒకరు చెప్పాల్నా?

గట్లనే అసమదీయులు, తసమదీయులు, వీరతాడు. పని చేసినోనికి రాజు మెడల ఏసే మెడల్ పేరు వీరతాడు. సినిమాల ఒక కొలువుగాడు నోరు తిరుగక కొత్త మాట అంటడు. పండితులైతే తప్పు అని కొడుదురు. ఘటోత్కచుడు కొట్టడు, సంబురపడుతడు. మాట అన్నది మనిషి పుట్టిస్తేనే పుడుతదని ఒప్పుకుని వానికి వీరతాడు ఏపిస్తడు. నోరు తిరుగలేదని, యాస అని మనల్ని నవ్విన బడులు, కొలువులు ఎన్నో ఉన్నయి. గా నవ్వులు తిన్నోనికి గీ సీను ఎంత పెద్దదో చెప్పనక్కరలేదు.

గా దినాలల్లనే సముద్రాలవతల టోల్కీన్ అనే ఇంగిలీషు పంతులు కూడ మాటల నుంచే లోకం కట్టిండు. ఆయన మూడు భాగాల పెద్ద నవల 1954, 1955ల అచ్చయ్యింది. ఆయన పాత భాషలు సదివిన పండితుడు, మొదటి ప్రపంచ యుద్ధంల కందకాలల్ల ఉండొచ్చినోడు. ముందుగాల భాషలు పుట్టిచ్చి, గా భాషలు మాట్లాడేటోళ్ల కోసం దేశాలు పుట్టిచ్చిండు. ఆయనకు పింగళి తెలువదు. ఇద్దరూ ఒక్క తొవ్వల నడిసిన్రు, ఎవని నేల మీద వాడు.

మూడోది, యంత్రం. ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంటది. మూత తెరిస్తే ఎవరికి ఏది ఇష్టమో అదే కనపడ్తది. శశిరేఖకు అభిమన్యుడు కనపడ్తడు, ఇద్దరూ దూరం నుంచే పాట పాడుకుంటరు. రేవతికి నగలు కనపడ్తయి. బలరామునికి దుర్యోధనుడు. కృష్ణునికి శకుని. మన దేశంల టీవీ మొదలైంది 1959 సెప్టెంబర్‌ల, అది కూడ ఢిల్లీల మాత్రమే. ఆంధ్రప్రదేశ్ తోని కలిపి ఆరు రాష్ట్రాలల్ల సుమారు 2,400 ఊర్లకు ఉపగ్రహం తోని టీవీ వచ్చింది 1975ల. గంతకు ముందే, 1957ల, పింగళి ఒక వీడియో కాల్ రాసి పెట్టిండు.

ఈ ముచ్చట శానమంది చెప్తరు. నేను ఇంకో మాట జెప్తా. వీడియో కాల్ కంటే పెద్ద ముచ్చట బలరాముడు పెట్టెల ఏం సూసిండన్నది. ఆయనకు నచ్చినోడే కనపడ్డడు. నచ్చినోడే కనపడితె మోసగాడు కూడ మంచోని లెక్కనే ఉంటడు. ఇయ్యాల మీ చేతుల ఉన్న ఫోన్ కూడ గదే చేస్తున్నది. మీరు ఏ వీడియో మీద రెండు సెకండ్లు ఎక్కువ ఆగుతరో లెక్క కట్టి, అసొంటివే పది తెచ్చి ముందట పోస్తది. గట్ల పోసిపోసి మనోళ్లు అసమదీయులు, పక్క కులపోళ్లు, పక్క మతపోళ్లు తసమదీయులు అయిపోతున్నరు. కృష్ణుడు ఒక్కడే గా పెట్టెల దుష్మన్‌ను సూసిండు. మన ఫీడు మనకు శకునిని ఎప్పుడన్న సూపెడుతదా? జర సోచాయించుండ్రి.

ఇంకోటి సత్యపీఠం. దాని మీద నిలబడితె నిజం కక్కాల్సిందే. కడపటికి శకుని దాని మీదెక్కి తన కుట్ర తానే ఇప్పుకుంటడు. అమెరికాల జాన్ లార్సన్ అనే పోలీసాయన 1921లనే గుండె కొట్టుకునుడు, ఊపిరి, నెత్తురు పోటు గీసే మిషను చేసిండు. లై డిటెక్టర్ అంటున్నం. భయపడ్డ అమాయకుని గుండె కూడ జోరుగనే కొట్టుకుంటది, గందుకే దాన్ని నమ్మొద్దని శానమంది శాస్త్రవేత్తలు చెప్తరు. 2010ల మన సుప్రీంకోర్టు మనిషి ఒప్పుకోకుండ గసొంటి పరీక్షలు చెయ్యరాదని తీర్పిచ్చింది. పింగళి తన పీఠం మీదికి ఎవర్ని ఎక్కిచ్చిండో సూడుండ్రి. దొంగతనం మీద పట్టుకొచ్చిన పేదోన్ని కాదు, రాజ్యం నడిపే మంత్రాంగపోన్ని. లోకం పుట్టిచ్చేటోడు ఒక వస్తువు పుట్టిచ్చినప్పుడు, అది ఎవరి మీద పని చేస్తది అన్నది కూడ తేల్చాలె. గక్కడే రాసేటోని పక్షం బయటపడ్తది.

నాలుగోది, పని. కాగితం మీద రాసింది తెర మీదికి రావాలంటె ఎన్నో చేతులు కావాలె. కె.వి.రెడ్డి ఎవరు ఎంతసేపు మాట్లాడుతరో స్టాప్‌వాచ్ పట్టి కొలిసేటోడు. కళ మాధవపెద్ది గోఖలే, కళాధర్ సూసుకున్నరు. కెమెరా మార్కస్ బార్ట్‌లీ. సినిమాల కనపడే ద్వారక పట్నం నిజానికి 50 అడుగులు, 60 అడుగుల జాగల పెట్టిన బొమ్మల ఊరు, 300 దాక చిన్న చిన్న ఇండ్లు. పడవ పాటల ఎన్నెల కూడ దీపాల లెక్క తోని తెచ్చిందే. కెమెరా ఆపి, మనిషిని మార్చి, మల్ల నడిపితే ఒకరు ఇంకొకరైనట్టు కనపడ్తది. ఫ్రాన్స్ దేశంల మెలియే అనే గారడీ ఆయన 1896లనే తెర మీద గీ కిటుకు తోని మనుషుల్ని మాయం చేసిండు. తెలిసినంక కూడ ఘటోత్కచుడు శశిరేఖ అయిపోతె మనం నోరు తెరిసి సూస్తం. ఎనుక లెక్క తెలిస్తే మాయ తగ్గదు, ఇంక పెరుగుతది.

తర్వాత ‘జగదేకవీరుని కథ’ 1961ల, ‘గుండమ్మ కథ’ పాటలు 1962ల, ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ 1963ల. ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ 1968ల వచ్చి ఆడలేదు. ఆయన పెండ్లి చేసుకోలేదు. 1971 మే 6 నాడు పోయిండు. ‘మాయాబజార్’ మాత్రం పోలేదు. 2010ల రంగులు అద్ది మల్ల టాకీసులల్ల ఏసిన్రు, మల్ల జనం పోయిన్రు.

నేను పింగళికి మొక్కుడు ఒక్కటే రాస్తే అది నిజాయితి కాదు. ఆయన లోకంల మన యాస లేదు. కౌరవుల విడిదిల గోంగూర ముచ్చట వస్తది, సూసినప్పుడల్ల నవ్వొస్తది. కని మా ఇంట్ల దాన్ని పుంటికూర అంటం. గా పేరు ఏ రాజు పంక్తిల వినపడలే. ఆయన తప్పు అని అంటలేను. ఆయన బందరు మనిషి, బందరు చెవి తోని విన్నది రాసిండు. తన నేల తాను ఇడవలేదు. మనం ఏం చేసినం? తెర మీద మన మాటను ఏండ్లకొద్దీ నవ్వులాటకు, రౌడీల నోటికి పెడితె సూసుకుంట కూసున్నం. ఇప్పుడిప్పుడే కథ మారుతున్నది. మారుతున్నప్పుడన్న మన లోకం మనం కట్టకపోతె ఎట్ల?

ఇగ మా తమ్మునికి నా జవాబు. మన ఊర్ల ఏముందన్నవు గదా, విను.

నువ్వు పొద్దంత పాలిష్ పట్టే బండ ఒకప్పుడు సముద్రం అడుగు. కోట్ల ఏండ్ల కింద గీడ నీళ్లుండె. గా నీళ్ల కింద సున్నం, మట్టి పొర మీద పొర పడి గట్టిపడి గీ నాపరాయి అయ్యింది. మన ఇండ్లల్ల మనం సముద్రం మీద చాప ఏసుకుని పంటున్నం. జర వికారాబాద్ దిక్కు పోతె నల్లరాయి, అది సుమారు 6.6 కోట్ల ఏండ్ల కింద భూమి పగిలి పారిన నిప్పు. సముద్రం పక్కనే నిప్పు. గింతకన్న ఏ రెక్కల పాము కావాలె నీకు?

అనంతగిరి గుట్టల కాడ మూసీ పుట్టి తూర్పుకు పోతది. గా గుట్టల దిక్కు నుంచే మన కాగ్నా పడమటికి పోయి భీమల కలుస్తది. ఇద్దరక్కచెల్లెండ్లు ఎడబాసి, ఒకామె హైదరాబాద్ మురికి మోసుకుంట, ఒకామె బండల గనుల పక్కపొంటి నడుసుకుంట, కడకు ఇద్దరూ కృష్ణమ్మ ఒడిలకే చేరుతరు. కథ రాసి పెట్టి ఉన్నది, నువ్వు పాత్రల పేర్లు పెట్టాలె అంతే.

రాజులు కావాల్నా? మన కాగ్నా ఒడ్డు పట్టుకుని కిందికి పోతె మల్‌ఖేడ్ వస్తది. అదే మాన్యఖేటం, రాష్ట్రకూటుల రాజధాని. 9వ శతాబ్దంల అమోఘవర్షుడు గీడ కూసునే సుమారు 60 ఏండ్లు ఏలిండు. గప్పటి అరబ్బు యాత్రికుల రాతలల్ల లోకంల నలుగురు పెద్ద రాజుల లెక్క తీస్తే ఒకడు గీ రాజు. గా పట్నానికి పోయిన నీళ్లు మన తాండూరు మీదికెళ్లే పోయినయి. తెలుగు, కన్నడ, ఉర్దూ, లంబాడి మాట నాలుగు కలిసి తిరిగే సంత మనది. టోల్కీన్ కూసుండి భాషలు పుట్టిచ్చుకున్నడు, నీకు పొద్దుగాల చాయ్ హోటల్ కాడనే నాలుగు దొరుకుతయి.

పని నేర్చుకున్న చెయ్యి, విన్న మాటను ఇడవని చెవి, నిజాన్ని ఎవని ముందట నిలబెట్టాల్నో తెలిసిన మనసు. రైల్వే కొలువు ఇడిసిపెట్టిన పింగళి తాన ఉన్న పెట్టుబడి గింతే. నీ పాలిష్ మిషను ఎట్ల తిరుగుతదో నీకు తెలుసు. గనిల కూలి రేటు ఎవడు తింటడో తెలుసు. గా దుమ్ము మీ నాయిన ఊపిరితిత్తులల్ల ఏం చేసిందో కూడ తెలుసు. గవన్నీ కథల పెట్టు. మంచు కోట రాసినోళ్లు శానమంది ఉన్నరు, నాపరాయి కోట రాసినోడు ఇంక పుట్టలే.

రాత్రికి నీ కథ మల్ల మొదలుపెట్టు తమ్మీ. కొత్త మాట పుట్టిస్తే ఎవడన్న నవ్వితే నవ్వనియ్యి. నీ మెడల వీరతాడు ఏసే బాధ్యత నాది.